గట్టు మీంచి చూస్తే చంద్రుడు ఎందుకంత పెద్ద?

కార్తీక పౌర్ణమి నాడు పొద్దుగూకే వేళ చల్లపల్లి ఊరి చివర పొలంగట్టు మీద నిలబడి బందరు వైపు చూస్తే, కొబ్బరి చెట్ల వెనక నుంచి చంద్రుడు ఇత్తడి తాంబాళమంత లేస్తాడు. అర్ధరాత్రికి నడినెత్తి మీదికి వచ్చేసరికి ఆ చంద్రుడే సగానికి సగం చిక్కిపోయినట్టుంటాడు. ముచ్చటపడి ఆ పెద్ద చంద్రుణ్ణి ఫోన్లో ఫొటో తీసినవాళ్ళందరికీ ఒకటే నిరాశ. ఫొటోలో చెట్లు సరిగ్గానే ఉంటాయి, కరెంటు స్తంభాలూ సరిగ్గానే ఉంటాయి, చంద్రుణ్ణి మాత్రం వెతుక్కోవాలి.

తప్పు ఫోనుది కాదు. కావాలంటే చెయ్యి బారుగా చాపి, ఒక కన్ను మూసి, చిటికెనవేలి గోరును చంద్రుడికి అడ్డం పెట్టి చూడండి. అంత పెద్ద చంద్రుడూ ఆ గోటి చాటున దాక్కుంటాడు. అర్ధరాత్రి మళ్ళీ పెట్టి చూసినా అదే గోరు, అదే చాటు. లేచేటప్పుడైనా, నడినెత్తిన ఉన్నప్పుడైనా ఆకాశంలో చంద్రుడి వెడల్పు దాదాపు అర డిగ్రీ. నిజానికి లేచేటప్పుడు రవ్వంత చిన్నగా ఉండాలి. నడినెత్తిన ఉన్నప్పటితో పోలిస్తే అప్పుడు మనకు భూమి వ్యాసార్ధమంత, అంటే సుమారు 6,400 కిలోమీటర్లు ఎక్కువ దూరంలో ఉంటాడు. మొత్తం దూరం సగటున 3,84,000 కిలోమీటర్లు కాబట్టి ఆ తేడా మన కంటికి ఆనదు. కానీ ఉన్న ఆ కాస్త తేడా కూడా మనకు కనిపించేదానికి సరిగ్గా తలకిందులుగా ఉంది.

ఈ చంద్రుడి మీద తర్కం రెండు వేల ఏళ్ళకు పైగా నడుస్తోంది. అందులో మొదట మాట్లాడినవాళ్ళలో ఒకాయనకు మన డెల్టా పేరు తెలుసు. క్రీ.శ. రెండో శతాబ్దంలో ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో ఉన్న టాలెమీ తన భూగోళ గ్రంథంలో మైసోలస్ నది ప్రాంతాన కంటకోస్సిల అనే వర్తక రేవు ఉందని రాశాడు. మైసోలస్ అంటే మన కృష్ణ అనీ, కంటకోస్సిల అంటే చల్లపల్లి పక్కనున్న ఘంటసాల అనీ చరిత్రకారులు గుర్తించారు. శాసనాల్లో ఆ ఊరి పేరు కంటకశేల. ఆ టాలెమీయే తన ఖగోళ గ్రంథం అల్మజెస్ట్‌లో, నేలకు దగ్గరగా ఉన్నప్పుడు ఆకాశంలోని జ్యోతులు పెద్దగా కనిపించడానికి భూమి చుట్టూ ఉండే తేమే కారణమన్నాడు. నీళ్ళలో మునిగిన వస్తువు పెద్దగా కనిపిస్తుంది కదా, ఇదీ అంతే అన్నాడు. సముద్రపు తేమ ఎరిగిన ఘంటసాల రేవు జనం కూడా సబబే అనుకునే మాట. అయినా అది తప్పు. నేలను ఆనుకున్న గాలి పొరలు చంద్రుణ్ణి ఎర్రబరుస్తాయి, నిలువున కాస్త నొక్కుతాయి. పెంచవు.

పదకొండో శతాబ్దం మొదట్లో కైరోలో పనిచేసిన ఇబ్న్ అల్ హైతం ఈ తర్కాన్ని గాల్లోంచి తీసి తలలోకి తెచ్చాడు. మనకూ చంద్రుడికీ నడుమ నేలా, చెట్లూ, ఇళ్ళూ కనిపిస్తున్నాయి కాబట్టి చంద్రుడు చాలా దూరాన ఉన్నాడని మనసు అనుకుంటుందనీ, అంత దూరాన ఉండి కూడా ఇంత కనిపిస్తున్నాడంటే పెద్దవాడే అయి ఉండాలని తీర్మానిస్తుందనీ ఆయన వివరణ. నా లెక్కలో ఈ ఒక్క మలుపుతో దృష్టిభ్రమల శాస్త్రం సగం దారి నడిచేసింది.

ఎండమావితో పోలిస్తే ఆ మలుపు విలువ తెలుస్తుంది. మే నెల మిట్టమధ్యాహ్నం చల్లపల్లి నుంచి బందరు వెళ్ళే రోడ్డు మీద ముందెక్కడో నీళ్ళు నిలిచినట్టు కనిపిస్తాయి. వేడెక్కిన తారును అంటుకున్న గాలి వెలుతురును వంచడం వల్ల ఆకాశం ముక్క ఒకటి రోడ్డు మీద కనబడుతుంది. అది ఫొటోలో పడుతుంది, ఎందుకంటే కెమెరా దాకా వచ్చిన వెలుతురే వంగింది. పెద్ద చంద్రుడు ఫొటోలో పడడు, ఎందుకంటే కెమెరాకు మెదడు లేదు.

మరి మెదడు చేసే పనేమిటి? కంటిలోపలి తెర, రెటీనా మీద పడే బొమ్మ చాలా పేదది. తలకిందులుగా ఉంటుంది, లోతు ఉండదు. అందులో స్ఫుటంగా ఉండేది నట్టనడిమి కాస్త భాగమే. చాపిన చేతి చివర బొటనవేలి గోరు ఎంత చోటు మూస్తుందో సుమారుగా అంతే. చుట్టూ మిగతాదంతా మసకే. ఆ మసక మనకు తెలియకపోవడానికి కారణం కళ్ళు సెకనుకు రెండు మూడుసార్లు చోటు మార్చి గెంతుతూ ఉండటం. నరం కంటిలోంచి బయటికి వెళ్ళేచోట వెలుతురును పట్టే కణాలే లేవు. అక్కడ ప్రతి కంటికీ ఒక గుడ్డిచుక్క ఉంది. లోకంలో ఆ చోట చిల్లు కనిపించదేం? చుట్టుపక్కల ఏముందో దాన్నే అక్కడా పరిచేస్తుంది మెదడు. ఒక్కో కంటి నుంచి సుమారు పది లక్షల నరపు పోగులు మోసుకెళ్ళే ఈ అరకొర సమాచారంతోనే లోతూ, దూరమూ, రంగూ, కదలికా ఉన్న నిండు లోకాన్ని అది కట్టాలి.

కట్టడంలో మొదటి చిక్కు పరిమాణం. రెటీనా మీద పడిన బొమ్మ దగ్గరున్న చిన్నదానిదైనా కావచ్చు, దూరాన ఉన్న పెద్దదానిదైనా కావచ్చు. బొమ్మను మాత్రమే చూసి తేల్చడం ఎవరివల్లా కాదు. పార భుజాన వేసుకుని గట్టు వెంట నడిచి వెళ్ళే రైతును గమనించండి. పది గజాల నుంచి ఇరవై గజాలకు వెళ్ళేసరికి మన కంటిలో ఆయన బొమ్మ ఎత్తు సగమైపోతుంది. నలభై గజాలకు అందులో సగం. అయినా మనిషి కుంచించుకుపోతున్నాడని ఎవరికీ అనిపించదు. ఎందుకంటే మెదడు బొమ్మ కొలతను దూరంతో హెచ్చవేసి, అసలు మనిషి ఎంతో అదే మనకు చూపిస్తోంది. ఈ హెచ్చవేత క్షణం ఆగకుండా నడుస్తూ ఉంటుంది. జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్స్ 1860లలోనే చూపు అంటే మనకు తెలియకుండా లోపల జరిగిపోయే అంచనా అని రాశాడు.

చంద్రుడి విషయంలో ఆ లెక్కకు దూరం దొరకదు. లక్షల కిలోమీటర్లు కొలవడానికి మెదడు దగ్గర ఏ కొలబద్దా లేదు. దొరికినదానితో సర్దుకుంటుంది. మన డెల్టాలో దొరికేది చాలా ఎక్కువ. కొండ అడ్డం లేని బల్లపరుపు నేల, పోనుపోను సన్నబడే గట్లు, చిన్నవైపోయే తాళ్ళూ కొబ్బరులూ, వరసగా కరెంటు స్తంభాలు, ఇవన్నీ దూరాన్ని మెట్టు మెట్టుగా చెబుతాయి. ఆ మెట్లన్నీ దాటాక చంద్రుడు ఉన్నాడు. నడినెత్తిన అలాంటి మెట్టు ఒక్కటీ లేదు. 1962లో కౌఫ్‌మన్, రాక్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు అద్దాలతో ఆకాశంలో కృత్రిమ చంద్రుణ్ణి సృష్టించి, చూసేవాళ్ళకు నేల కనపడినప్పుడూ కనపడనప్పుడూ పరీక్షించారు. నేలను మూసేస్తే పెద్ద చంద్రుడు మాయమయ్యాడు. ఈ ప్రయోగం ఇంట్లో ఎవరైనా చెయ్యొచ్చు. నోటుపుస్తకంలో కాగితం చింపి సన్నని గొట్టంలా చుట్టి, నేలా చెట్లూ కనపడకుండా చంద్రుణ్ణి ఒక్కణ్ణే అందులోంచి చూడండి. చిక్కిపోతాడు. గొట్టం తీసేస్తే మళ్ళీ ఉబ్బుతాడు.

కథ ఇక్కడితో తేలిపోతే బాగుండేది. కానీ లేచే చంద్రుడు దూరంగా ఉన్నాడా దగ్గరగా ఉన్నాడా అని అడిగితే చాలామంది దగ్గరే అంటారు. దూరమని అంచనా వేసినందుకే కదా పెద్దగా చూపించింది, మరి దగ్గరంటారేం? పెద్దగా కనిపించాక, ఇంత పెద్దగా ఉన్నాడంటే దగ్గరే అయి ఉంటాడని మెదడు రెండోసారి తీర్పు చెబుతోందని కొందరంటారు. కాదు, పక్కనున్న చిన్న చిన్న చెట్లతో పోల్చుకోవడం వల్లే పెద్దగా కనిపిస్తున్నాడని ఇంకొందరు. శాస్త్రంలో ఈ వాదం ఇంకా తెగలేదు. తెగిన సంగతి ఒకటుంది: ఈ భ్రమ తెలివితక్కువతనం కాదు. ఇప్పుడు ఇదంతా చదివినవారు వచ్చే పౌర్ణమికి చూసినా చంద్రుడు పెద్దగానే ఉంటాడు. చూసే భాగానికి ఆ భాగపు నియమాలు ఉన్నాయి, మనకు తెలిసిన సంగతులతో దానికి పెద్దగా పని లేదు.

అలాంటి నియమం ఇంకొకటి వంటింట్లోనే దొరుకుతుంది. ఇడ్లీ ప్లేటును కిటికీ ముందు నిలబెట్టి, పైనుంచి వెలుతురు పడేటట్టు ఫోన్లో ఫొటో తీయండి. గుంటలు గుంటల్లాగే ఉంటాయి. ఇప్పుడు ఫొటోను తలకిందులు చేసి చూడండి. చాలామందికి గుంటలు బుడిపెలవుతాయి. గుంటలో పైఅంచు కింద నీడ పడుతుంది, కింది వైపు వెలుగుతుంది. బుడిపెకు అచ్చంగా దీనికి ఎదురు. ఏది ఏదో తేల్చాలంటే వెలుతురు ఎటునుంచి వస్తోందో తెలియాలి. అది తెలియనప్పుడు పైనుంచే వస్తోందనుకుంటుంది మెదడు. సూర్యుడు పైనే ఉంటాడు కాబట్టి ఆ నమ్మకం ఎప్పుడో గాని దెబ్బతినదు. చెన్నైలో వైద్యం చదివి కాలిఫోర్నియాలో స్థిరపడిన వి.ఎస్. రామచంద్రన్ 1988లో ఈ విషయం మీద చక్కని పరిశోధన చేశాడు. మెదడు ఒక సన్నివేశానికంతటికీ ఒకే దీపం ఉందనుకుంటుందని కూడా ఆయన చూపించాడు. ఘంటసాల మ్యూజియంలోని సున్నపురాతి బౌద్ధ శిల్పాల ఫొటోలతోనూ ఇది చెయ్యొచ్చు. రాతిలోంచి ముందుకొచ్చిన పూలూ లతలూ కాగితాన్ని తిప్పగానే లోపలికి తొలిచినట్టు కనిపిస్తాయి.

కదలిక సంగతి ఇంకా వింత. వరద రోజుల్లో విజయవాడ ప్రకాశం బ్యారేజీ మీద నిలబడి, గేటు కిందినుంచి దూకే నీటిలో ఒకేచోట నిమిషం సేపు చూపు నిలపండి. తర్వాత పక్కనున్న స్తంభం వైపు చూడండి. స్తంభం పైకి పాకుతున్నట్టు ఉంటుంది. రాబర్ట్ ఆడమ్స్ అనే ఆయన స్కాట్లాండులోని ఫాయర్స్ జలపాతం దగ్గర ఇదే చూసి 1834లో రాశాడు. మెదడులో కిందికి పోయే కదలికకు స్పందించే కణాలు కొన్ని, పైకి పోయేదానికి కొన్ని. కదలని వస్తువును చూసినప్పుడు రెండు జట్ల సన్నని సద్దూ సమానంగా ఉంటుంది, కాబట్టి ఏమీ కదలలేదని తీర్పు. నిమిషం సేపు నీరు కిందికి దూకుతుంటే కింది జట్టు అలసిపోతుంది. చూపు స్తంభం మీదికి మళ్ళగానే పై జట్టుది పైచేయి.

ఆ స్తంభాన్ని ఇంకాస్త ఓపిగ్గా చూడమని నా విన్నపం. అది పాకుతూనే ఉంటుంది, కానీ ఉన్నచోటే ఉంటుంది. చోటు మారకుండా కదలిక ఏమిటి? బయటి లోకంలో అది కుదరదు. మెదడులో కుదురుతుంది, ఎందుకంటే అక్కడ చోటును లెక్కకట్టేది ఒకరు, కదలికను లెక్కకట్టేది ఇంకొకరు. ఇద్దరి లెక్కలూ కలవకపోతే రెండూ మన ముందుంటాయి. 1983లో జర్మనీ వైద్యులు వివరించిన ఒక స్త్రీకి మెదడులో కదలికను చూసే భాగం దెబ్బతింది. రంగులు తెలుస్తాయి, మనుషులను గుర్తుపడుతుంది, కదలిక ఒక్కటే కనపడదు. కప్పులో టీ పోస్తుంటే ధార గడ్డకట్టి నిలిచినట్టు ఉండేది, కప్పు నిండటం తెలిసేది కాదు. దూరంగా ఉన్న కారు చూస్తుండగానే మీదికి వచ్చి ఉండేది. రోడ్డు దాటడం ఆమెకు గండమైపోయింది.

ఇప్పుడు చల్లపల్లి నుంచి మొవ్వ వైపు, కూచిపూడికి వెళ్దాం. అక్కడి నృత్యనాటకం భామాకలాపంలో సత్యభామ ప్రవేశం మొత్తం మెదడు మీద చేసిన ప్రయోగమేనని నాకనిపిస్తుంది. ఇద్దరు చెరోవైపు తెర పట్టుకుంటారు. ముందుగా తెర మీదుగా బారెడు జడ ఒక్కటే ఇవతలికి పడుతుంది. ప్రేక్షకుడి కంటికి అందింది జడ మాత్రమే, కానీ అతను చూసింది తెర వెనక నిలబడ్డ స్త్రీని. సగం మరుగుపడిన వస్తువును పూర్తి చేసుకోవడం చూపుకు నిత్యకృత్యం. గేదె ముందు తాటిచెట్టు ఉంటే రెండు సగం గేదెలు కనిపించవు, ఒకే గేదె కనిపిస్తుంది. 1955లో ఇటలీకి చెందిన కానిజ్సా మూడు నల్లని వృత్తాలకు తలా ఒక ముక్క కోసి సరైన పొందికలో పెడితే, ఎవరూ గీయని తెల్లని త్రిభుజం వాటి నడుమ వెలిగిపోతుందని చూపించాడు. 1984లో కోతుల మెదళ్ళ మీద చేసిన పరిశోధనలో, అలా గీయని గీతలకు కూడా గీసినవాటికి స్పందించినట్టే స్పందించే కణాలు దొరికాయి.

తెర దిగాక కనిపించేది స్త్రీ వేషంలోని పురుషుడు. కూచిపూడిలో పుట్టిన వేదాంతం సత్యనారాయణ శర్మ (1935–2012) సత్యభామగా, ఉషగా పేరు మోసినవారు, 1970లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన పురుషుడని కరపత్రంలో ఉంటుంది, పందిట్లో అందరికీ తెలుసు. అయినా ముందున్నది సత్యభామే. దీన్ని రసానుభూతి అనో, నటుడి సాధన అనో మనం చెప్పుకుంటాం, అది నిజం. దాని అడుగున చూపు చేసే పని కూడా ఒకటుంది. స్వీడన్ శాస్త్రవేత్త గున్నార్ యోహాన్సన్ 1973లో మనుషుల కీళ్ళకు పదీ పన్నెండు వెలుగుచుక్కలు పెట్టి చీకట్లో నడిపించాడు. నిలబడి ఉంటే అవి అర్థంలేని చుక్కలు. అడుగు కదిపితే చాలు, క్షణంలో మనిషి ప్రత్యక్షం. నడిచేది ఆడో మగో కూడా చాలావరకు చెప్పగలరని నాలుగేళ్ళకు ఇంకొక పరిశోధన చూపించింది. భుజాలూ నడుమూ ఊగే తీరులోనే ఆ తేడా ఉంది. ముఖం కంటే ముందు నడక మాట్లాడుతుందని కూచిపూడి గురువులు ఏ ప్రయోగశాలా లేకుండా పట్టుకున్నారు. మెదడు ఏ గుర్తుల మీద ఆధారపడి స్త్రీ అని తేల్చుకుంటుందో ఆ గుర్తులను ఏరి, సాధన చేసి, ఒంటికి పట్టించుకున్నారు.

పాట మాటేమిటి? గాయకుడు వేదిక పక్కన కూర్చుని పాడతాడు, శబ్దం పందిరి కొసన కట్టిన స్పీకరులోంచి వస్తుంది. మనకు మాత్రం పెదవులు కదుపుతున్న సత్యభామ నోట్లోంచే వినిపిస్తుంది. శబ్దం ఎక్కడినుంచి వస్తోందో తేల్చడంలో చెవి కంటే కంటికి కచ్చితత్వం ఎక్కువ, అందుకని తగువు వచ్చినప్పుడు మెదడు కంటి మాటే నెగ్గిస్తుంది. సినిమా హాల్లో జరిగేదీ అదే. చివరికి ఏ అక్షరం వింటున్నామన్నది కూడా కన్ను మార్చగలదు. 1976లో మెక్‌గర్క్, మెక్‌డొనాల్డ్ అనేవారు 'గ' పలుకుతున్న ముఖానికి 'బ' శబ్దాన్ని అతికించి వినిపిస్తే, చాలామందికి ఆ రెండూ కాక 'ద' వినిపించింది. కళ్ళు మూసుకుంటే మళ్ళీ 'బ'.

ఇంతదాకా చెప్పినదాన్నిబట్టి ఈ నియమాలన్నీ మనం పెరిగేకొద్దీ చూసి చూసి నేర్చుకున్నవేనని అనుకోవడం సహజం. గట్ల మధ్య పెరిగాం కాబట్టి దూరాన సన్నబడే గీతలు దూరాన్ని చెబుతాయని మెదడు నేర్చుకుంది, అందుకే మోసపోతోంది. నాకు ఎంతో సబబుగా తోచే ఈ వాదాన్ని గట్టి దెబ్బ కొట్టిన పని ఒకటి మన దేశంలోనే జరిగింది. అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఆచార్యుడైన పవన్ సిన్హా నడిపే ప్రాజెక్ట్ ప్రకాశ్, పుట్టుకతో రెండు కళ్ళలో శుక్లాలున్న పేదపిల్లలకు చికిత్స చేయించి, వాళ్ళు చూడటం ఎలా మొదలుపెడతారో గమనిస్తుంది. 2015లో ఆ బృందం, అంతవరకు ఆకారాలే ఎరగని కొందరు పిల్లలకు ఆపరేషన్ అయిన వెంటనే ఒక బొమ్మ చూపించింది. దూరాన కలిసిపోయేటట్టున్న రెండు గీతల మధ్య ఒకే పొడవున్న రెండు అడ్డగీతలు. పై అడ్డగీతే పొడుగన్నారు, మనందరిలాగే. వాళ్ళు గట్లు చూసి పెరగలేదు, రైలు పట్టాలు చూసి పెరగలేదు, ఏదీ చూసి పెరగలేదు. కాబట్టి నియమాల్లో కొన్నైనా అనుభవం నేర్పినవి కావు, నరాల అమరికలోనే ఉండి పుట్టుకతో వచ్చినవి.

ఆ అమరిక ఉన్నా చాలదు, దాన్ని వాడాలి. బిడ్డ పుట్టిన తొలి వారాల్లో స్పష్టమైన బొమ్మ అందకపోతే కంటి నుంచి మెదడుకున్న దారులు సరిగా ఎదగవు. అందుకే పుట్టుకతో వచ్చే దట్టమైన శుక్లానికి వైద్యులు ఆరు, ఎనిమిది వారాల లోపే ఆపరేషన్ చెయ్యాలని చూస్తారు. పసిబిడ్డ కనుపాపలో నలుపు బదులు తెలుపు మెరిస్తే, ఫొటోలో ఒక కన్ను మాత్రం తెల్లగా పడితే, అది శుక్లం కావచ్చు, ప్రాణం మీదికి తెచ్చే కంటి కణితి కూడా కావచ్చు. అలా కనిపిస్తే ఆలస్యం చెయ్యకుండా చూపించాలి. చల్లపల్లి నుంచి విజయవాడ పక్కన తాడిగడపలో ఉన్న ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రికి వెళ్ళి రావడం ఒక పూట పని. ఆ వయసు దాటిపోయిన పిల్లల విషయంలోనూ ఆశ వదులుకోనక్కర్లేదని ప్రకాశ్ పిల్లలే చూపించారు. ఎనిమిదేళ్ళు దాటాక ఆపరేషన్ అయినవాళ్ళు కూడా కొన్ని నెలల్లో వస్తువులను విడివిడిగా గుర్తుపట్టడం నేర్చుకున్నారు. ముందుగా వాళ్ళకు పట్టుబడింది కదిలే వస్తువులు. నిలిచి ఉన్నప్పుడు దేని అంచు ఏదో తెలియని బొమ్మ, కదలగానే వాళ్ళకు ఒకే వస్తువుగా విడివడి కనిపించింది.